గంప ఎవలింట్ల ఉన్నది?

వేడి అన్నం అడ్డాకు మీద పడగానే ఒక వాసన లేస్తుంది. పచ్చి ఆకు వాసన కాదు, ఎండుటాకు వాసనా కాదు. వాన వెలిసిన అడవి మీద ఎండ పడినప్పుడు వచ్చే వాసన సగం, కొత్త బియ్యం కమ్మదనం సగం. మొన్న ఖమ్మంలో మా గుడి కోతల పండుగకు పోతే, భోజనాల దగ్గర కేటరింగ్ పిల్లవాడు యంత్రం మీద ఒత్తిన ఆకు ప్లేటు నా చేతికిచ్చి, "ఎకో ఫ్రెండ్లీ మేడం, అడ్డాకు, ప్లాస్టిక్ కాదు" అని వివరంగా చెప్పాడు. అడ్డాకు సంగతి నాకు చెప్పేంత గొప్పవాడయ్యాడు. నవ్వుకుని అన్నం పెట్టించుకున్నాను. ఆవిరి ముక్కుకు తగిలిందో లేదో, చుట్టూ ఉన్న గ్రానైట్ హాలు, ఏసీలు, మైకులో మోగుతున్న కీబోర్డు అన్నీ ఎక్కడికో పోయాయి. పక్క కుర్చీలో కూర్చున్న నాన్న కూడా తలెత్తి చూశాడు. నాన్నకు ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. నన్ను ఒక్కోసారి తన చెల్లెలనుకుంటాడు, పొద్దున తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికి గుర్తుండదు. కానీ ఆ వాసన ఆయనకు కూడా తెలిసింది.

మాది కారేపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట ఒక చిన్న పల్లె. ఒక పక్క పత్తి చేలు, మిరప తోటలు, ఇంకో పక్క టేకు, మద్ది, ఇప్ప చెట్లు. ఎండాకాలం తెల్లవారుజామున ఇప్పపూలు రాలితే పల్లెంతా తియ్యటి మత్తు వాసన కమ్ముకునేది, తొలకరికి మట్టి వాసన, మిరపకాయలు కల్లాల్లో ఎండేటప్పుడు ఊరు ఊరంతా తుమ్ములు. చలికాలం వచ్చి వరి కోతలయ్యాక మా కోతల పండుగ. అందరి పండుగలూ ఒక ఎత్తు, పిల్లలమైన మాకు ఆ పండుగ ఒక ఎత్తు. మేం గుడి అని పిలిచే పెంకుటి చర్చి ముందు వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కను సుత్తితో కొడితే అదే మాకు గంట. గుడి లోపల వరి కంకుల గుత్తులు, బూడిద గుమ్మడికాయలు, మొక్కజొన్న పొత్తులు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తుంటే మధ్యమధ్య ఏదో ఒక కోడి అరిచేది, మేం నోటికి పైట కొంగులు, చొక్కా అంచులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. వెనక నుంచి నాయనమ్మ మొట్టికాయ వేసేది. ఆ మొట్టికాయ కోడికి మాత్రం పడేది కాదు, అదీ మా బాధ.

పండుగకు వారం ముందు నుంచే మా ఇంటి వాకిలి ఆకులతో నిండిపోయేది. అడవి లోపలి కోయగూడెం నుంచి కన్నమ్మ అనే ఆమె, ఆమె వెంట ఇంకొందరు ఆడవాళ్ళు, అడ్డాకు మోపులు నెత్తిన పెట్టుకుని దిగేవాళ్ళు. వాళ్ళు మా గుడివాళ్ళు కారు. వాళ్ళ దేవతలు వాళ్ళకున్నారు, వాళ్ళ పండుగలు వాళ్ళవి. అయినా కోతల పండుగ నాడు మొదటి బంతిలో, అంటే మొదటి వరుసలో, గూడెం వాళ్ళకే ఆకులు పరిచేవాళ్ళు. వాళ్ళ పక్కన విధవరాళ్ళు, పిల్లలు. ఆ తర్వాతే మిగతా పల్లె. ఆకులు ఎండలో పరచి, మళ్ళీ బండ కింద పెట్టి సాపు చేసి, ఈనె పుల్లలతో కుట్టడం పెద్ద పని. నాయనమ్మ వేళ్ళు ఆకు మీద ఆడుతుంటే చూడాల్సిందే. నేను కుడితే మాత్రం పప్పు కిందికి కారిపోయేది. "నీ ఆకుల తిన్నోడు కడుపుకు తిన్నట్టు గాదు, నేలకు తాపినట్టు" అని కన్నమ్మ నన్ను ఏడిపించేది. ఆమె నవ్వితే మెడలోని పూసలు కూడా నవ్వేవి.

ఇంతకీ గంప సంగతి చెప్పాలి. మా ఇంట్లో మధ్య గదిలో ఒక పెద్ద వెదురు గంప గోడకు వేలాడేది. పేడ, మెంతులు కలిపి పూసి నాయనమ్మ దాన్ని నున్నగా ఉంచేది. అందులో ధాన్యం పోయకూడదు, కోడిపిల్లల్ని కప్పకూడదు, మేం దాగుడుమూతలాడేటప్పుడు అందులో దూరకూడదు. ఏడాదికొక్కసారే అది కిందికి దిగేది, ఎంగిలాకులు ఎత్తడానికి. ప్రేమ విందులో, అంటే పండుగ నాటి గుడి భోజనాల్లో, అందరూ తిని లేచాక ఆ ఆకులన్నీ ఎత్తి, గంపలో వేసుకుని, నెత్తిన పెట్టుకుని ఊరవతల గుంత దాకా మోసుకుపోయేవాడే మా గుడికి పెద్ద. ఆయన తినేది అందరికంటే ఆఖర్న. మా పల్లెలో సంఘపెద్ద ఎవరని ఎవరూ అడగరు. పక్క ఊరి నుంచి వచ్చినవాడైనా, కొత్తగా బదిలీ మీద వచ్చిన అయ్యగారైనా "గంప ఎవలింట్ల ఉన్నది?" అనే అడిగేవాళ్ళు. అది మా ఇంట్లో ఉండేది. మా తాత ఏసోబు గుడికి పెద్ద.

ఆ పద్ధతి ఎలా వచ్చిందో తాత చెప్పేవాడు. పల్లెకు కొత్తగా వాక్యం వచ్చిన రోజుల్లో, పెద్దరికం ఎవరికి రావాలని మావాళ్ళు ఒక పండుగ నాడు బంతిలోనే కొట్టుకున్నంత పని చేశారట. నేను ముందు బాప్తిస్మం తీసుకున్నానని ఒకరు, గుడికి జాగా నాదని ఇంకొకరు. అప్పటి అయ్యగారు బంతి మధ్యకు నడిచాడట. తువ్వాలు నడుముకు బిగించి, అరుస్తున్నవాళ్ళ ముందున్న ఎంగిలాకులే వంగి ఒక్కొక్కటి ఎత్తి గంపలో వేసి, దాన్ని మధ్యలో పెట్టి, "పెద్దరికం గిండ్ల ఉన్నది. ఎవలికి గావాల్నో తీస్కోండ్రి" అన్నాడట. అందరూ నేల చూపులు చూశారట. మా తాత వాళ్ళ నాయన ఒక్కడే లేచి గంప నెత్తికెత్తుకున్నాడట.

ఎంగిలాకు ఎత్తడమంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు తెలియదు, తెలియక్కర్లేదు కూడా. ఊళ్ళో దొరల పెళ్ళిళ్ళలో మావాళ్ళను దూరంగా నిలబెట్టి, అందరూ తిన్నాక ఆకులెత్తడానికి పిలిచేవాళ్ళు. ఎత్తినందుకు ఆ ఆకుల్లో మిగిలిందే కూడు. మా తాత చిన్నప్పుడు ఆ పని చేశాడు. చేయి మీద కర్ర దెబ్బ మచ్చ ఉండేది, ఏమిటి తాతా అంటే "ఆకు జల్దీ ఎత్తలే" అని ఊరుకునేవాడు. అదే చేత్తో గుడిలో ఆకులెత్తేటప్పుడు మాత్రం పెళ్ళికొడుకులా ఉండేవాడు. తెల్ల పంచె, తెల్ల తలపాగా. పిల్లల ముందు ఆగి, "ఏంది, వంకాయ ఎవలు తింటరు, మీ అయ్యనా?" అని గద్దించి, వదిలేసిన వంకాయ ముక్క తినిపించి గానీ ఆకు ఎత్తేవాడు కాదు. ఆకును రెండు చేతులతో లోపలికి మడిచి, తిన్నవాళ్ళ ముఖం చూసి తల వంచేవాడు. గుడ్డి ఎల్లమ్మ ముందు కూడా అలాగే వంచేవాడు, ఆమెకు కనపడదని తెలిసీ. పల్లెలో ఏ తగాదా వచ్చినా తాత మాటే చెల్లేది. తన ఎంగిలి ఎత్తినవాడి మాట ఎవడు కాదంటాడు?

తాతకు ఒకే ఒక కోరిక మిగిలింది, ఆ గంప తన చేతుల మీదుగా కొడుక్కు ఇవ్వాలని. నాన్న అందుకు తగనివాడని ఎవరూ అనలేదు. పల్లెలో మొదటి ఉద్యోగస్తుడు. బోనకల్ దగ్గర బడిలో టీచరు, శనివారం సాయంత్రం రైలు దిగి వచ్చేవాడు. సంచిలో బన్ను రొట్టెలు, మాకు పలకలు. ఆదివారం మధ్యాహ్నం వేపచెట్టు కింద పల్లె పిల్లలందరికీ లెక్కలు చెప్పేవాడు, కరెంటు కోసం, రోడ్డు కోసం అర్జీలు రాసి ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు. ఆయన ఇస్త్రీ చొక్కా చూస్తే మాకే కాదు, పల్లె మొత్తానికీ గర్వం. తాతకు ఆ ఏడు ఆయాసం మొదలైంది. నాలుగడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకునేవాడు. అందుకని ఈ పండుగకు గంప దానియేలు సారుకు ఇచ్చేస్తాడని అందరూ అనుకున్నారు. దానియేలు సారంటే మా నాన్నే.

ఆకులు కుట్టే రోజుల్లోనే ఒక మధ్యాహ్నం వాకిట్లో ఆ మాట వచ్చింది. తాత ఎండలో కూర్చుని ఈనె పుల్లలు చీలుస్తున్నాడు, నాన్న గడప మీద నిలబడ్డాడు.

"ఈసారి మా హెడ్మాస్టరు గారిని, ఇంకో ఇద్దరు సార్లను పిలిచిన నాయినా. బల్లలేసి కూసోబెడదాం. ఆకులెత్తుడు మాత్రం ఒద్దు."

"ఎందుకొద్దు?"

"దొరల పెండ్లిళ్ళల్ల ఎత్తినం. ఆ బతుకు తప్పిచ్చుకుందామనే గద నన్ను సదివిచ్చినవు. మల్ల మన గుళ్ళె మనమే ఎత్తుకునుడేంది? చూసినోళ్ళు ఏమనుకుంటరు, వీళ్ళ బుద్ధి గింతే అనుకోరా?"

తాత పుల్ల చీల్చడం ఆపలేదు. "ఆడ ఎత్తకుంటే తంతుండిరి. ఈడ ఎవలూ ఎత్తుమనలే. గందుకే ఎత్తుతున్న" అన్నాడు.

నాన్న గడప దిగి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే ఆయన మాటలో తప్పేమీ నాకు కనపడదు. కనపడితే బాగుండేది, ఇంత బాధ ఉండేది కాదు. మచ్చ ఉన్న చేతిని చూస్తూ పెరిగిన కొడుకు ఆ చెయ్యి మళ్ళీ ఎంగిలాకు ముట్టుకోవద్దని కోరుకున్నాడు. తాత ఆ చేతిని తనకు నచ్చినట్టు కడుక్కున్నాడు. ఇద్దరికీ ఆ చేయి గురించే దిగులు.

పండుగ నాడు తెల్లవారకముందే మూడురాళ్ళ పొయ్యిల మీద అండాలు ఎక్కాయి. మాంసం ఉడికే వాసన, గుమ్మడికాయ పులుసులో బెల్లం వాసన, పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఘాటు, చలి గాలిలో పొగ. గుడిలో ప్రార్థన అయ్యాక భోజనాలు మొదలయ్యాయి. బడి నుంచి తెచ్చిన బల్లలు, కుర్చీలు వేపచెట్టు నీడన వేశారు. వాటి మీద తెల్ల దుప్పట్లు పరిచారు. మొదటి బంతి అక్కడే జరిగింది, బోనకల్ సార్లకు, అయ్యగారికి, నాన్నకు. గూడెం వాళ్ళు ఎండలో పక్కకు నిలబడ్డారు. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనలేదు. పిల్లలం మాకేం అర్థం కాక వాళ్ళ పక్కనే నిలబడి మాంసం గిన్నెలు పోతుంటే గుటకలు వేశాం.

సార్లు తిని చేయి కడుక్కుంటుండగా తాత లోపలి నుంచి గంప పట్టుకుని వచ్చాడు. తెల్ల పంచె, తెల్ల తలపాగా. చెట్టు దగ్గరికి వచ్చేసరికి బల్లల మీది ఆకులు అప్పటికే ఎత్తేస్తున్నారు. ఎత్తుతున్నది కన్నమ్మ. నాన్న ఆమెను ఆ పనికి కూలికి పెట్టాడు. ఏటా మొదటి బంతిలో కూర్చుని, తాత తన ముందు తల వంచితే సిగ్గుపడి మూతికి కొంగు అడ్డం పెట్టుకునే కన్నమ్మ, ఎంగిలాకులు చంకన ఇరికించుకుని తాతను చూసి ఆగిపోయింది.

"సారు చెప్పిండు తాతా. ఇయ్యాల ఆకులెత్తే కూలి నాదంట" అంది.

"తిన్నవా?" అన్నాడు తాత.

"ఎత్తినంక తింట."

తాత ఆమె చేతిలోంచి ఆకులు గుంజుకోలేదు. గుంజుకుంటే ఆమె కూలి పోతుంది. ఆమె ఎత్తుతున్నంతసేపూ గంప పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆమె అవి గుంతలో వేసి వచ్చాక, తాత బల్లల ముందు ఖాళీ నేల మీద ఒక ఆకు పరిచి, నీళ్ళు చిలకరించి, "కూసో బిడ్డా" అన్నాడు. ఆమె కూర్చోనంది. తాత అలాగే వంగి ఉన్నాడు, ఆయాసంతో వీపు ఎగిసిపడుతోంది. అది చూడలేక కూర్చుంది. తానే వడ్డించాడు. అన్నం, మాంసం, పులుసు. ఆమె తినేదాకా ఎదురుగా గొంతు కూర్చున్నాడు. ఆమె తల ఎత్తకుండా తింది. లేచాక ఆ ఆకును రెండు చేతులతో లోపలికి మడిచి, తల వంచి, గంపలో వేసుకున్నాడు. అంత పెద్ద గంపలో ఆ ఒక్క ఆకే. దాన్ని నెత్తిన పెట్టుకుని నెమ్మదిగా, ఆగి ఆగి, సార్ల ముందు నుంచే నడిచాడు.

నేను నాన్న కుర్చీ వెనకే ఉన్నాను. హెడ్మాస్టరు వక్క నములుతూ మామూలుగానే అడిగాడు. "ఎవరు సార్ ఆ పెద్దాయన?"

నాన్న ముఖం ఎర్రబడింది. "మా గుడికాడ పనిచేసే మనిషి సార్" అన్నాడు.

తాతకు వినపడింది. అంత దగ్గరలో ఉన్నాడు, వినపడకుండా ఎలా ఉంటుంది? గంప మీద చేయి పెట్టి ఆగి, ఇటు తిరిగి, కోపం లేకుండా, ఎగతాళి కూడా లేకుండా నవ్వాడు. "అవ్ సారు. గుడి పనోణ్ణే" అన్నాడు. తిరిగి నడిచాడు.

నాన్న కోపంతో అని ఉంటే, తాత బాధతో జవాబిచ్చి ఉంటే, ఆ సాయంత్రానికి ఇద్దరూ సర్దుకునేవాళ్ళేమో. కానీ తాత ఆ మాటను నిజమని ఒప్పుకున్నాడు. బతుకంతా తాను సంపాదించుకున్న పేరు అదే అన్నట్టు ఒప్పుకున్నాడు.  ఆ రోజు తాత ఆఖరి బంతిలో తిని, గంప తెచ్చి మధ్య గదిలో వేలాడదీసి, పడుకున్నాడు. ఇస్తాడని ఎదురుచూసినవాళ్ళు ఇళ్ళకు పోయారు. నాన్న ఇమ్మని అడగలేదు. అడిగి ఉంటే ఇచ్చేవాడని నాయనమ్మ చచ్చేదాకా అంటూనే ఉంది. "చెయ్యి జాపితే ఇయ్యనా అనుకుంటుండె ముసలోడు. వీడు జాపకపాయె" అనేది.

తర్వాతి కోతల పండుగ తాత చూడలేదు. వానాకాలంలో ఆయాసం ముదిరి, ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయే లోపలే పోయాడు. మట్టి చేయడానికి గూడెం నుంచి అందరూ వచ్చారు, కన్నమ్మ అడ్డాకుల మోపు తెచ్చి సమాధి గుంత పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఆ ఏడు చేతులెత్తి నాన్నను సంఘపెద్దను చేశారు. మంచిపనులు చాలా చేశాడు, దాచడం దేనికి. పెంకులు తీసి స్లాబు వేయించాడు, మైకు తెప్పించాడు. గుడి గోడకు నల్లరాయి మీద ఆయన పేరు బంగారు రంగులో చెక్కారు. ఆకులెత్తడానికి ఎవరో ఒకరిని కూలికి పెట్టేవాళ్ళు. కన్నమ్మ మళ్ళీ రాలేదు, గూడెం వాళ్ళు కూడా నెమ్మదిగా మానేశారు. గంపకు నాయనమ్మ ఉన్నన్నాళ్ళు పేడ పూసింది. ఆ తర్వాత మేం ఖమ్మం వచ్చేశాం. ఒకసారి ఇల్లు చూసుకోవడానికి పోతే గోడకు వెదురు పొట్టు మాత్రం అంటుకుని ఉంది, మిగతాది చెదలు తినేశాయి. నాన్న చాలాసేపు ఆ గోడ ముందు నిలబడ్డాడు. ఏంటని నేను అడగలేదు. అడగాల్సింది.

ఇదంతా మొన్న ఆ ప్లేటులో అన్నం కలుపుతూ తలుచుకుంటున్నాను. తల ఎత్తి చూస్తే పక్క కుర్చీ ఖాళీ. నాన్న లేడు. వెతికితే హాలు మూలన, ఎంగిలి ప్లేట్లు వేసే నీలం డబ్బా దగ్గర కనపడ్డాడు. కండువా నడుముకు చుట్టుకున్నాడు. తిని వస్తున్నవాళ్ళకు రెండు చేతులూ జాపి, "ఇటియ్యి బిడ్డా, నేనెత్తుత" అంటున్నాడు. అందరూ మంచివాళ్ళే, చదువుకున్నవాళ్ళే. "అయ్యో, పర్లేదు అంకుల్, మేమే వేస్తాం" అని పక్కనుంచి చేయి పోనిచ్చి డబ్బాలో వేసి వెళ్ళిపోతున్నారు. ఎవరి ఎంగిలి వాళ్ళే పారేసుకునే మంచి అలవాటు వచ్చింది మనకు. ఒకరి ముందు ఒకరు వంగే పని లేకుండా పోయింది. నాన్న ఒక్కొక్కరికీ తల వంచుతున్నాడు, వాళ్ళకు చూసే తీరిక లేదు. కేటరింగ్ పిల్లవాడు నా దగ్గరికి వచ్చి, "మేడం, తాతగారు మీవాళ్ళేనా? కూర్చోమనండి, ఎవరైనా చూస్తే బాగుండదు" అన్నాడు.

మా నాన్నే అని చెప్పి లేచాను. పోయి నాన్న ముందు నిలబడి, సగం తిన్న నా ప్లేటు ఆయన చేతుల్లో పెట్టాను. నా ముఖం చూసి తల వంచాడు. ప్లేటును రెండు చేతులతో లోపలికి మడవబోయాడు. యంత్రం ఒత్తిన ప్లేటు మడత పడదు కదా, మధ్యకు విరిగి, మెతుకులు ఆయన ఇస్త్రీ చొక్కా మీద పడ్డాయి. దులుపుకోలేదు. ఆ రెండు ముక్కలూ ఒకదానిలో ఒకటి పెట్టుకుని, హాలంతా కలయజూసి, "గంప ఎవలింట్ల ఉన్నది?" అని అడిగాడు.

"మనింట్లనే ఉండె నాయినా" అన్నాను.

ఆ ముక్కలు డబ్బాలో వేయనివ్వలేదు. ఆటోలో ఇంటిదాకా ఒళ్ళో పెట్టుకునే వచ్చాడు.